నిలబెట్టిన స్టాండు

షినో మా పిన్ని కూతురు. మా ఉగుయి సరస్సు దగ్గర ఫోటోలు తీసుకోవడానికి వచ్చేవాళ్ళు నా కొట్లో సోబా నూడుల్స్ తింటూ షినో గురించి అడుగుతారు. ఆ పొద్దున ఒడ్డు మీద మగవాళ్ళందరి ముందూ ఆవిడ నిజంగా అంత పనీ చేసిందా అని. చేసింది. నేను అక్కడే ఉన్నాను. కానీ ఆ ఒక్క పొద్దుటి సంగతే చెబితే షినోకి మతి చెడిందనుకుంటారు. అందుకని మొదటినుంచీ చెబుతాను.

వాళ్ళ నాన్న కొండ మీద బొగ్గులు కాల్చేవాడు. బడికెళ్ళే వయసుకే షినో బొగ్గు బస్తా వీపున కట్టుకుని వాలు దిగేది. చిన్నప్పుడు దానికి ఉన్న పొగరు మా ఊళ్ళో ఏ మగపిల్లాడికీ లేదు. ఒకడు జడ పట్టుకు లాగితే వాడి చెవి కొరికి, రక్తం ఉమ్మేసి, ఏమీ జరగనట్టు కూర్చుని పాఠం రాసుకుంది. దీన్ని ఎవడు చేసుకుంటాడో అని మా పిన్ని మా అమ్మ దగ్గర తల బాదుకునేది. చేసుకునేవాడు దొరికాడు. కర్రకోత మిల్లులో దుంగలు దొర్లించే గిసబురో. ఎత్తూ లావూ ఉన్న మనిషి, పెళ్ళిలో తలవంచుకుని బుద్ధిగా కూర్చున్నాడు. మా పిన్ని పొంగిపోయింది.

పెళ్ళైన మొదటి చలికాలమే దెబ్బలు మొదలయ్యాయి. బియ్యం సారా, అదే సాకె, చల్లారిందని ఒకసారి, మరీ వేడిగా ఉందని ఒకసారి. కుంపటి కదిపే ఇనుప కడ్డీతో కొట్టేవాడు, అది దొరక్కపోతే చేతికి అందినదానితో. షినో మొదట్లో తిరగబడింది. వాడి ముంజేతి మీద అది కరిచిన గాటు నేను కళ్ళారా చూశాను. దానికి వాడు దాని పైపన్ను ఊడగొట్టాడు. ఆ తర్వాత తిరగబడడం మానేసింది. దాని పొగరంతా ఎక్కడికి పోయిందే అని మా అమ్మ ఒకసారి నవ్వుతూ అడిగితే నాకు ఒళ్ళు మండింది. పోవడమేమిటి, కొట్టి కొట్టి తీశారు.

మిల్లు యజమాని ఊరు విడిచి వెళ్తూ తన కెమెరా గిసబురోకి ఇచ్చిపోయాడు. దానితో తీసిన ఫోటో ఒకటి జిల్లా పోటీలో మొదటి బహుమతి కొట్టింది. అంతే, ఆనాటినుంచి సరస్సు మొత్తం వాడి తాత సొత్తయింది.

ఆకు ఎర్రబడే రోజుల్లో, తెల్లవారగానే గాలి పూర్తిగా పడిపోయి, అవతలి కొండ తలకిందులుగా నీళ్ళలోకి దిగే కాసేపు ఒకటుంటుంది. దాన్ని మావాళ్ళు నీటద్దం అంటారు. పైన మొమిజి చెట్ల ఎరుపు, కింద అదే ఎరుపు, మధ్యన గీత కూడా కనిపించదు. ఒక చేప ఎగిరితే చాలు, కొండ చెదిరిపోతుంది. మళ్ళీ కుదుటపడేలోగా ఎండ ఎక్కి గాలి లేస్తుంది, ఇక ఆ రోజుకి అంతే. ఆ కాసేపటి కోసం ఒడ్డంతా మూడుకాళ్ళ కెమెరా స్టాండ్లతో నిండిపోతుంది. అన్నిటికన్నా మంచి చోటు బల్లరాయి. నీళ్ళలోకి చొచ్చుకుని ఉంటుంది, ఒక్క స్టాండుకి మాత్రమే జాగా. కొండా, కొండ నీడా అంచులు తెగకుండా వచ్చేది అక్కడినుంచే.

ఆ నీళ్ళు కదలకుండా కాపలా కాసేవాడు గిసబురో. వలస బాతుల గుంపొకటి సరిగ్గా నీటద్దం వేళకే కొండ మధ్యలోంచి ఈదుకుంటూ పోతోందని, రెల్లులో మాటు వేసి దొరికినవాటి మెడలు విరిచి ఒడ్డున పడేశాడు. పట్నం నుంచి వచ్చిన ఒకాయన తన పాప నవ్వుతుందని నీళ్ళ మీద పెంకు ఎగరేస్తే, ఆయన మణికట్టు పట్టుకుని విరిగేదాకా మెలితిప్పాడు. ఆ కేక నా వంటింట్లోకి వినిపించింది. మా ఊరి పోలీసు తొగాషి, ఆయనా ఫోటోల పిచ్చివాడే, చెయ్యి విరిగినాయనకే బుద్ధి చెప్పి బస్సెక్కించాడు. ఫోటోల సంఘానికి పెద్ద నుకుయి మేష్టారు. మా బడిలో హెడ్మాస్టరుగా చేసి దిగిపోయిన మనిషి, ఎదురొచ్చిన ప్రతివాళ్ళకీ వంగి దణ్ణం పెట్టేంత మర్యాద. ఆయన చచ్చిన బాతుల్ని చూసి మొహం అటు తిప్పుకుని, ఏమైనా గిసబురో ఉంటే నీళ్ళు కదలవు అన్నాడు. అందరూ అవునన్నారు. కుక్కని పెంచుకున్నట్టు పెంచుకున్నారు వాణ్ణి. ఆ కుక్క ఇంట్లో ఎవర్ని కరుస్తోందో వాళ్ళకి అనవసరం.

ఒక ఏడు బల్లరాయి కోసం తగువు ముదిరి, పక్క ఊరి మనిషి తల స్టాండు దెబ్బకి పగిలింది. కొట్టింది ఎవరో వేరే చెప్పాలా? అతని రక్తం రాతి మీంచి నీళ్ళలోకి కారింది, జనం తోపులాటలో నీళ్ళు కలకబారి ఆ రోజు అందరి ఫోటోలూ పాడయ్యాయి. అప్పుడు మాత్రం మేష్టారికి కోపం వచ్చింది. అందర్నీ నా కొట్లో కూర్చోబెట్టి ఒక కట్టుబాటు చేశాడు. పొద్దు కొండ వెనక్కి దిగాక ఎవరు ముందు స్టాండు పెడితే ఆ చోటు మర్నాటికి వాళ్ళది. పెట్టేసి ఇంటికెళ్ళి పడుకోవచ్చు.

"నిలబెట్టిన స్టాండు నిలబడ్డ మనిషితో సమానం," అన్నాడు మేష్టారు. "దాని మీద చెయ్యి పడితే మనిషి మీద పడినట్టే. అలాంటివాడెవడైనా ఉంటే మనమందరం కలిసి వాడి సంగతి చూడాలి."

అందరూ సాకె తాగి ఒట్టు పెట్టుకున్నారు. గిసబురో కూడా పెట్టుకున్నాడు. మావాళ్ళు ఈ ఒట్టుని ఎంత నిష్ఠగా పాటించారంటే, ఒకసారి గాలివానకి తొగాషి స్టాండు బురదలో పడిపోతే పొద్దున అందరూ దాని చుట్టూ నిలబడి అయ్యో అన్నారే గానీ ఒక్కరూ లేపలేదు. పాపం ఆయనకి జ్వరం. దుప్పటి కప్పుకుని వణుక్కుంటూ ఆయనే వచ్చి లేపుకున్నాడు. నేను పడీపడీ నవ్వితే మేష్టారు నొచ్చుకున్నాడు.

కట్టుబాటు వచ్చాక షినోకి పని పెరిగింది. రోజూ పొద్దు దిగే వేళకి గిసబురో స్టాండు భుజాన వేసుకుని, అందరికన్నా ముందు బల్లరాయి చేరాలి. ఒకసారి అన్నం పొయ్యి మీద ఉండి ఆలస్యమైంది, బల్లరాయి వేరేవాళ్ళకి పోయింది. ఆ రాత్రి వాడు తోలు బెల్టు తీశాడు. మర్నాడు తెల్లారేసరికి షినో వాచిపోయిన మొహంతో వాడి సంచులు మోసుకుంటూ ఒడ్డుకి వచ్చింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. అందరూ చూశారు. తొగాషి దాన్ని చూసి, ఈసారి చలి తొందరగా వచ్చింది కదమ్మా అన్నాడు. నేను ఆయన్ని నిలదీశాను, నువ్వు పోలీసువా, స్టాండువా అని. అది ఇంట్లో విషయమని, గుమ్మం లోపల జరిగేదానికి తను ఏం చెయ్యగలనని నాకే నచ్చజెప్పాడు.

షినో రోజూ వాడి వెనక నేల మీద కూర్చుని, వాడు చెయ్యి చాపినప్పుడు సంచిలోంచి రీలు అందించేది, ఫ్లాస్కులోంచి టీ పోసేది. కూర్చుని కూర్చుని చూపు నేర్చుకుంది. మబ్బు ఏ పక్కనుంచి వస్తే ఎరుపు ముదురుతుందో, ఎంతసేపు ఆగితే పొగమంచు నీళ్ళ మీంచి లేస్తుందో దానికి తెలిసిపోయింది. గిసబురో కొత్త కెమెరా కొనుక్కున్నాక పాతది కట్టెల కొట్లో పారేశాడు. షినో దాన్ని ఎత్తుకొచ్చి నా పిండి డబ్బాలో దాచింది. వాడు ఊళ్ళో లేని రోజున నా కొట్టు వెనక, గిన్నెలు కడిగే మెట్ల మీద కూర్చుని ఫోటోలు తీసేది. పట్నం వెళ్ళినప్పుడు కడిగించుకొచ్చేదాన్ని నేను.

అందులో ఒకటుంది. ఒడ్డున దడికి నేను ఎండబెట్టిన ముల్లంగి దండలు నీళ్ళలో తెల్లగా వేలాడుతున్నాయి, వాటి వెనక కొండ మొత్తం ఎర్రగా తలకిందులుగా ఉంది. ఇదేమిటే, నా ముల్లంగికి ఇంత అందముందా అన్నాను. షినో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పన్ను పోయినప్పటినుంచీ దాని నవ్వు అలాగే. నేను ఊరుకోలేక ఆ ఫోటో గోడకి అంటించాను.

మేష్టారు సోబా తింటూ దాన్ని చూసి గిన్నె కింద పెట్టేశాడు. లేచి దగ్గరికెళ్ళి చూశాడు. ఎవరు తీశారని అడిగితే చెప్పాను. అప్పుడే గిసబురో లోపలికి వచ్చాడు, వెనక సంచులతో షినో.

"మీ ఆవిడ కన్ను నీకన్నా బాగుందయ్యా గిసబురో," అన్నాడు మేష్టారు.

అందరూ నవ్వారు. గిసబురో కూడా నవ్వాడు. ఆ రాత్రి షినో కుడిచేతిని గుమ్మం మెట్టు మీద పెట్టించి, ఆ పాత కెమెరాతోనే బాదాడు. దాని రెండు వేళ్ళు చితికాయి, కెమెరా కూడా ముక్కలైంది. మర్నాడు ఏమీ ఎరగనట్టు నా కొట్టుకొచ్చి, ఇనె వదినా, ఒక సోబా అన్నాడు. పొయ్యి మీద పులుసు మరుగుతోంది. గరిటెతో కాదు, గిన్నె గిన్నెంతా వాడి మెడ మీద కుమ్మరించాను. వాడు నేల మీద పడి దొర్లుతుంటే గిన్నెతో కూడా రెండు వేశాను. తొగాషి టోపీ పెట్టుకుని మరీ వచ్చి, ఒక మనిషి ఒళ్ళు కాల్చడం చిన్న నేరం కాదని హెచ్చరించాడు. ఇదీ గుమ్మం లోపలే జరిగింది కదా అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

ఆ చలికాలమంతా షినో నా దగ్గరే ఉంది. వేళ్ళు వంకరగా అతుక్కున్నాయి. మంచు కరిగాక, చెప్పాపెట్టకుండా మూట కట్టుకుని వాడి ఇంటికి బయల్దేరింది. గుమ్మంలో అడ్డం పడ్డాను. సిగ్గు లేదటే నీకు, వాడి చేతిలో చచ్చేదాకా ఉంటావా అని నోటికొచ్చినట్టు తిట్టాను. అది మూట దింపకుండానే అంతా విన్నది.

"నాకు బల్లరాయి కావాలక్కా," అంది. "ఒక్కసారి అక్కడ నా స్టాండు పెట్టుకుని, నీటద్దం తియ్యాలి. నీ దగ్గరే ఉండిపోతే, పొద్దు దిగే వేళకి ఆ ఒడ్డుకి నన్నెవడు రానిస్తాడు? ఆయన స్టాండు మోసేదాన్ని కాబట్టి రానిస్తున్నారు."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. మా ఆయన పోయినప్పటినుంచీ ఆయన కెమెరా, స్టాండు అటక మీద పడి ఉన్నాయి. దించి దుమ్ము దులిపి పెట్టాను. కుడిచేతి వేళ్ళు కెమెరా మీట మీద ఆనడం లేదని షినో ఎడమచేత్తో నొక్కడం నేర్చుకుంది. కూరలకని వచ్చి నా వంటింట్లో, కిటికీలో పెట్టిన కాబేజీని గురి చూసి నొక్కుతూ ఉండేది.

ఆకు ఎర్రబడింది. ఆ ఏడు ముందే మంచు పట్టడంతో కొండ ఎన్నడూ లేనంత ఎరుపెక్కింది. ఒక సాయంత్రం షినో గిసబురో స్టాండుతో నా కొట్టుకొచ్చి, మా ఆయనదీ తీసుకుని ఒడ్డుకి దిగింది. తిరిగొచ్చేసరికి దాని బుగ్గలు కందిపోయి ఉన్నాయి, చిన్నప్పుడు కొండ దిగొచ్చినప్పటిలా. వాడి స్టాండు ఎక్కడ పెట్టావే అని అడిగాను. రెల్లులో, బురదలో అంది. వాడు నిన్ను చంపేస్తాడే అన్నాను.

"చంపితే చంపనీ. నా స్టాండు మీద మాత్రం చెయ్యి వెయ్యలేడుగా," అంది.

తెల్లవారేసరికి నేను టీ కెటిల్ పట్టుకుని ఒడ్డున ఉన్నాను. అలా వెళ్ళేది అమ్ముకోవడానికే, కానీ ఆ రోజు అమ్ముకోవడానికి కాదు. గడ్డి మీద మంచు పేరుకుంది. మగవాళ్ళంతా స్టాండ్ల వెనక వరసగా సర్దుకుంటున్నారు. బల్లరాయి మీద మా ఆయన స్టాండు, దాని వెనక షినో. చూసినవాళ్ళు ఒకరినొకరు గిల్లుకుని నవ్వుకున్నారు. మేష్టారు మాత్రం, పెట్టిందిగా, పెట్టింది ఆవిడే కదా, న్యాయమే అన్నాడు. అందరూ తలూపారు.

గిసబురో వచ్చాడు. తన స్టాండు కోసం చూశాడు. రెల్లులో ఒక పక్కకి ఒరిగి ఉంది. బల్లరాయి మీది స్టాండు ఎవరిదని అడిగాడు. నాది అంది షినో.

"తియ్యి."

"నిలబెట్టిన స్టాండండీ," అంది.

కొట్టాడు. అరచేత్తో కాదు, పిడికిలితో. షినో రాతి మీద పడింది, నోట్లోంచి రక్తం వచ్చింది. నేను కెటిల్ వదిలేసి పరిగెత్తబోతే ఎవరో నా చెయ్యి పట్టుకుని ఆపారు. నీళ్ళు అప్పుడే కుదుటపడుతున్నాయి. కొండ కిందికి దిగుతోంది. ఒడ్డంతా ఎవరి కెమెరాలోకి వాళ్ళు కళ్ళు పెట్టుకుని ఉన్నారు. గిసబురో దాని జుట్టు పట్టుకుని లేపి, తల రాతికేసి కొట్టాడు. లేవబోతే కడుపులో తన్నాడు. మేష్టారు కెమెరా మీంచి తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"కాస్త మెల్లగా గిసబురో, నీళ్ళు కదులుతాయి."

ఆ మాట నేను చచ్చేదాకా మరిచిపోను. షినో రెండు చేతులతో స్టాండు కాలొకటి పట్టుకుని వదల్లేదు. గిసబురో దాని వేళ్ళ మీద బూటుతో తొక్కాడు, అయినా వదల్లేదు. అప్పుడు వాడికి కోపంతో కళ్ళు కనిపించలేదు. కాలెత్తి స్టాండునే తన్నాడు. కెమెరాతో సహా అది నీళ్ళలో పడింది. కొండ ముక్కలైంది.

ఒడ్డు మీద అందరూ కెమెరాల మీంచి తలలెత్తారు. తర్వాత తొగాషి పరిగెత్తాడు. ఒంటి మీద యూనిఫాం ఉందన్న సంగతి కూడా ఆయనకి గుర్తు లేదు. వెళ్ళి గిసబురో మొహం మీద గుద్దాడు. ఆయన వెనకే పోస్టాఫీసాయన, చేపల కొట్టాయన, ఇంకా పేర్లు చెప్పను, అందరూ మీదపడ్డారు. పొట్టలో గుద్దారు, పడిపోయాక బూట్లతో తన్నారు. గిసబురో కూడా తక్కువవాడు కాదు, ఒకడి ముక్కు పగలగొట్టాడు, ఇంకొకడి వేలు కొరికాడు. వాడి దవడ విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఇద్దరు కాళ్ళు పట్టుకుని, మరో ఇద్దరు తల నీళ్ళలోకి తోసి పట్టారు. వాడి వీపు ఎగిరెగిరి పడింది.

నిజం చెబుతాను, నా కడుపు చల్లబడింది. ఇన్నేళ్ళకి వీళ్ళకి చేతులొచ్చాయి అనుకున్నాను. అంతలో తొగాషి అరుస్తున్న మాట చెవిన పడింది.

"స్టాండు మీద కాలు వేస్తావా? మనిషి నిలబెట్టుకున్న స్టాండు మీద?"

అందరూ అదే మాట. స్టాండు, స్టాండు. నుకుయి మేష్టారు, ఎవరినీ పల్లెత్తు మాట కూడా అనని మనిషి, చేతికర్ర కొసతో వాడి పక్కటెముకల మీద పొడుస్తూ ఒట్టు తప్పినవాడా అని రొప్పుతున్నాడు. వాళ్ళ పక్కనే షినో మోకాళ్ళ మీద లేచి నోట్లోని రక్తం ఉమ్ముకుంటోంది. వాళ్ళలో ఒకడి కాలు దానికి తగిలితే, చూసుకోకుండా పక్కకి తోశాడు.

షినో నీళ్ళలోకి దిగింది. నడుము లోతులో తడుముకుని స్టాండు పైకి లాగింది. కెమెరాలోంచి నీళ్ళు కారాయి. నేను షినోని పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చి నా కోటు కప్పాను. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. గిసబురో తల ఇంకా నీళ్ళలోనే ఉంది. షినో అటే చూస్తూ ఉండిపోయింది.

"పెళ్ళినాడే ఒక స్టాండు వీపుకి కట్టుకుని రావాల్సిందక్కా," అంది.

ప్రాణం పోకముందే వదిలారు. గిసబురోని పట్నం ఆసుపత్రికి తోలారు. రాతి మీద జారిపడ్డాడని తొగాషి అందరికీ చెప్పాడు. దవడకి తీగలు కట్టించుకుని వాడు అటునుంచి అటే రేవులో ఉన్న తమ్ముడి దగ్గరికి పోయాడు. ఒట్టు తప్పినవాడికి ఈ ఒడ్డున చోటు లేదని సంఘం తీర్మానించింది. షినో నా మేడ మీద గదిలోకి మారింది.

కొండ ఎరుపు దిగకముందే సంఘంవాళ్ళు నా కొట్టుకొచ్చారు. గుడ్డలో చుట్టిన మిఠాయి పెట్టె, కొత్త స్టాండు, కొత్త కెమెరా తెచ్చారు. నేల మీద వరసగా కూర్చుని నుదురు ఆనించి మొక్కారు. మేష్టారు ముందు, ముక్కుకి పట్టీ వేసుకున్నాయన చివర. షినో మొహం అప్పటికింకా పచ్చగా నీలంగా ఉంది.

మీ స్టాండుకి జరిగిన అవమానానికి సంఘమంతా తలదించుకుంటోంది, మిగిలిన రోజులు బల్లరాయి మీకే అన్నాడు మేష్టారు.

"నాకు జరిగినదానికో మేష్టారూ?" అంది షినో.

మేష్టారు ఎదురుగా ఉన్న టీ గిన్నెలోకి చూశాడు. చివరికి మేష్టారే, చాలా మర్యాదగా, అది మీ ఇంట్లో విషయం కదమ్మా అన్నాడు.

"బల్లరాయి మీద కొట్టాడు మేష్టారూ. అది ఎవరిల్లు?"

మేష్టారు మిఠాయి పెట్టె ఆవిడ ముందుకి జరిపాడు. షినో తనూ వంగి దణ్ణం పెట్టి, స్టాండు తీసుకుంది. అందరూ ఊపిరి పీల్చుకుని మిఠాయిలు విప్పారు. నాకైతే వాళ్ళ గొంతులు పట్టుకోవాలనిపించింది.

మర్నాడు తెల్లారేసరికి గాలి లేదు. అంత నీటద్దం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆకు ఆకూ నీళ్ళలో లెక్కపెట్టుకోవచ్చు. షినో బల్లరాయి మీద నిలబడింది. ఆ పొద్దుటికి మొదటి ఫోటో షినోయే తియ్యాలని మిగిలినవాళ్ళంతా మర్యాదకి ఆగారు. అది ఎడమచేత్తో మీట నొక్కింది. ఒక్కసారే. తర్వాత కెమెరా స్టాండు మీంచి ఊడదీసి మెడలో వేసుకుంది. బల్లరాయి దిగి మేష్టారి దగ్గరికొచ్చింది. ఆయన నవ్వుతూ, బాగా పడిందా అమ్మా అని అడిగాడు.

కాలెత్తి ఆయన స్టాండుని తన్నింది. అది ఎగిరి నీళ్ళలో పడింది.

"ఇది నా పన్నుకి మేష్టారూ," అంది.

పక్కకి జరిగి పోస్టాఫీసాయన స్టాండుని తన్నింది. ఇది నా వేళ్ళకి అంది. ఆ పక్కది బెల్టు దెబ్బలకి, దాని పక్కది మూసుకుపోయిన కంటికి. కోపంగా కాదు, బొగ్గు బస్తాలు దింపుతున్నంత శ్రద్ధగా ఒక్కొక్కటీ నీళ్ళలోకి దింపింది. చేపల కొట్టాయన తన స్టాండు చంకన పెట్టుకుని పొలాల్లోకి పరిగెత్తాడు. కొండ ఎప్పుడో చెదిరిపోయింది. తొగాషి తన స్టాండుకి అడ్డంగా నిలబడి చెయ్యెత్తాడు. షినో ఆగింది. మొహం ఆయన చేతికి దగ్గరగా పెట్టింది.

"కొట్టండి. స్టాండ్ల మీద కాలేశాను, ఒట్టు పెట్టుకున్నారుగా అందరూ. మా ఆయన కొట్టేది ఇక్కడ, ఈ కన్ను కింద."

తొగాషి చెయ్యి గాల్లోనే ఉంది. గిసబురోని చితకబాదిన చేతులన్నీ అక్కడే ఉన్నాయి, ఒక్కటీ లేవలేదు. దెబ్బ పడితే ఎక్కడ పడుతుందో వాళ్ళకి అప్పుడు కనిపించింది. తొగాషి మెల్లగా పక్కకి జరిగాడు. షినో ఆయన స్టాండుని కూడా తన్నేసి, చలిగా ఉందక్కా, ఏదైనా వేడిగా పెట్టు అంది.

ఆ ఒక్క ఫోటో ఇప్పుడు నా కొట్లో గోడ మీద ఉంది. షినో నాతోనే ఉంటుంది, పిండి పిసుకుతుంది, ఆకు ఎర్రబడితే బల్లరాయి మీదికి పోతుంది. ఊరి మగవాళ్ళు ఆ గోడకి వీపు పెట్టుకుని తింటారు. చాలాకాలం నేను పట్టించుకోలేదు. ఈమధ్య ఒకరోజు నుకుయి మేష్టారు ఒంటరిగా వచ్చి, అలాగే వీపు తిప్పుకుని కూర్చుంటే ఉండబట్టలేక అడిగాను, ఫోటో అంత పాడుగా ఉందా మేష్టారూ అని.

"ఈ సరస్సు మీద అంతకన్నా మంచి నీటద్దం ఎవరూ తియ్యలేదు ఇనె గారూ," అన్నాడు. "దాన్ని చూస్తే ఆ అమ్మాయి మొహం కనిపిస్తోంది. ముద్ద దిగడం లేదు."

పిండి చేతులతో షినో వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. నేను మేష్టారి కుర్చీని రెండు చేతులా పట్టుకుని, ఆయన్ని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టాను. గిన్నె తెచ్చి ముందు పెట్టాను. అయిపోయేదాకా ఆయన అలాగే కూర్చుని తిన్నాడు.